మా బావగారి తెరా, నా పడమర గోడా

ఈ సంగతి మా బంధువుల్లో చెవులున్న ప్రతి ఒక్కరికీ ఇదివరకే చెప్పాను. పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరి వాళ్ళకి చెబితే "ఆ గోంగూర ఇటు పంపించమను" అన్నారు. రైల్లో ఎదురు బెర్తులో దొరికిన మా బాబాయికి చెబితే ఖమ్మం దాకా ఊకొట్టి, నేను అసలు విషయానికి వచ్చేసరికి దుప్పటి ముసుగు పెట్టేశాడు. మా ఆవిడకి చెబితే... సరే, ఆవిడ సంగతి విడిగా రాయాలి. నోటితో చెబితే ఎవరూ వినరని తేలిపోయింది కనుక ఇక అచ్చులో చెబుతున్నాను. అచ్చులో మాట్లాడుతున్న మనిషిని "అది సరేగానీ" అని మధ్యలో తుంచెయ్యడం కుదరదు. (పేజీ తిప్పెయ్యొచ్చు. మీరు అలాంటివారు కారని నా నమ్మకం.)

ఆ రోజుల్లో అమీర్‌పేటలో తలెత్తి చూస్తే ఆకాశానికి బదులు బోర్డులు కనపడేవి. ప్రతి మెట్ల కిందా ఒక కంప్యూటరు కోర్సు, ప్రతి మిద్దె మీదా ఒక హాస్టలు. సిటీ బస్సు దిగినవాడి చేతిలో కండక్టరు చిల్లర పెట్టేలోపే ఎవరో ఒక కరపత్రం పెట్టేసేవారు. డిగ్రీ పట్టా చంకలో పెట్టుకుని జావా కోర్సు కోసం గోదావరి జిల్లాల నుంచి దిగిన కుర్రాళ్ళలో నేనూ ఒకణ్ణి. మొదట హాస్టల్లో పడ్డాను. అమీర్‌పేట హాస్టలు ఎరగని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను: మంచం మీద మంచం ఉంటుంది, పైవాడు అటు ఒత్తిగిలితే కిందివాడి కలలో భూకంపం వస్తుంది, పప్పులో గరిటె అడుగు దాకా స్పష్టంగా కనపడుతుంది. నా ముఖం పీక్కుపోవడం చూసి మా అక్క "నువ్వు మా ఇంటికొచ్చెయ్‌రా" అంది. పంజాగుట్ట నుంచి ఎర్రమంజిల్ వైపు దిగే సందులో వాళ్ళ ఫ్లాటు. అందులో చివరి గది ఖాళీగా ఉండేది. ఆ గదిలో పడమర గోడకి ఆనించి నా మడత మంచం, దాని పక్కన పుస్తకాల అట్టపెట్టె, గోడకి మేకు, మేకుకి నా రెండు చొక్కాలు. "ఉద్యోగం వచ్చేదాకా ఈ మూల నీదే" అని మా అక్క మాటిచ్చింది. ఆ మూల ఉంటే నేను మనిషిని. అది పోతే మళ్ళీ ఆ పప్పూ, ఆ భూకంపమూ. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

మా బావగారు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్. ఆ రోజుల్లో టీమ్ లీడ్ అంటే పెళ్ళిలో పురోహితుడి తర్వాత పీట ఆయనకే. ఆయన ఆఫీసు మేనేజరు తన ఇంట్లో ఎనిమిది అడుగుల తెర పెట్టించి, టీము మొత్తాన్ని పిలిచి సినిమా చూపించాడట. ఆ రాత్రి బావగారికి అన్నం సహించలేదు. మేనేజరుకి ఎనిమిది అడుగులైతే తనకి పది ఉండాలని అప్పుడే నిశ్చయించుకున్నారు (ప్రమోషన్లో దాటలేనివాణ్ణి అడుగుల్లో దాటారన్నమాట). ఆఫీసు పని మీద సింగపూర్ వెళ్ళినప్పుడు ప్రొజెక్టరు కొనుక్కొచ్చారు. వెనక్కి వాలుతూ, మీట లాగితే కాళ్ళ కింద పలక పైకి లేచే వాలు కుర్చీలు నాలుగు తెప్పించారు. తెరకి ఇనప చట్రం సనత్‌నగర్‌లో వెల్డింగు చేయించారు. అది లిఫ్టులో పట్టలేదు. మెట్ల మీదుగా మోస్తుంటే మలుపు దగ్గర ఇరుక్కుని, కింది ఫ్లాటు వారి నేమ్‌ప్లేటులో సగం పేరు ఊడగొట్టుకుని పైకొచ్చింది. ఇంత ఆర్భాటమూ చేరవలసిన చోటు ఏదనుకున్నారు? నా గది.

తెర ఏ గోడకి పెట్టాలో చెప్పడానికి ఒకాయన వచ్చాడు. వాస్తూ ఆయనే, ఇంటీరియరూ ఆయనే. మెడలో గొలుసుకి దిక్సూచి వేలాడేది కనుక నేను ఆయనకి దిక్కులాయన అని పేరు పెట్టాను. ఆయన గది మధ్యలో నిలబడి, దిక్సూచిని అరచేతిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని (దిక్సూచి చూడ్డానికి కళ్ళు మూసుకున్న మనిషిని నేను అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు) "తూర్పు" అన్నాడు. "తూర్పు చూస్తూ చేసిన ఏ పనికైనా వృద్ధి సార్."

అప్పుడు నేను మాట్లాడాను. ఇది ముఖ్యం. మంచం మీంచి లేచి నిలబడి, వినయంగా, అందరికీ వినపడేలా మాట్లాడాను. "బావగారూ, తూర్పు గోడకి అవతల దేవుడి గది. ఈ కుర్చీలు కాళ్ళు పైకి లేపుతాయి. తెర తూర్పుకి పెడితే కాళ్ళు తిన్నగా దేవుడి వైపు పోతాయి. పడమర గోడకి పెట్టించండి. నా మంచం కుర్చీల వెనక వేసుకుంటాను." ఇదీ నేనన్నది. ఒక్క అక్షరం మార్చలేదు.

బావగారు నా వైపు చాలా ప్రేమగా చూసి, "ఏరా, జావా ఎంతవరకొచ్చింది?" అన్నారు.

"ఇన్‌హెరిటెన్స్ పాఠం దాకా వచ్చిందండీ."

"ముందు అది పూర్తి చెయ్." అని దిక్కులాయన వైపు తిరిగి, "పడమరంటే అస్తమించే దిక్కు కదండీ?" అన్నారు నవ్వుతూ. దిక్కులాయన కూడా నవ్వాడు. మా అక్క బట్టలు మడతపెడుతూ "నువ్వూరుకోరా, పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే" అంది. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. ఓటు హక్కుంది. బావగారి తల్లి, మేమంతా అత్తయ్యగారు అనేవాళ్ళం, గుమ్మం దగ్గర కూర్చుని దీపానికి వత్తులు చేసుకుంటున్నారు. ఆవిడ ఇంకో వత్తి అందుకున్నారు.

తెర తూర్పు గోడెక్కింది. బిగించడానికి వచ్చిన ఆయనకి చొక్కా జేబు నిండా, నోటి నిండా బోల్టులే ఉండేవి కనుక బోల్టన్న అనేవాణ్ణి. స్లాబుకి ప్రొజెక్టరు, తెర వెనక నుంచి తీగలు, అన్నీ అమిరాక ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రారంభోత్సవం పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. ప్రొజెక్టరుకి పసుపు రాసి బొట్టు పెట్టమంటే మా అక్క భక్తిగా, గుండ్రంగా కనిపించిన చోటల్లా బొట్టు పెట్టింది. అలా పెట్టినవాటిలో బొమ్మ వేసే లెన్సు కూడా ఉంది. సినిమా మొదలవగానే పాలసముద్రం నడుమ ఎర్రటి కుంకుమ చుక్క తాటిపండంత కనిపించింది. "ఎఫెక్టు బాగుందే" అన్నాడు దిక్కులాయన.

మొదటిది భక్తి సినిమాయే ఉండాలని అత్తయ్యగారి షరతు. ఆవిణ్ణి మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. బొట్టు తుడిచాక తెర మీద శ్రీమన్నారాయణుడు ప్రత్యక్షమయ్యాడు. ఆవిడ చేతులు జోడించారు. సరిగ్గా అప్పుడే బావగారు "అమ్మా, ఇప్పుడు చూడు" అని మీట లాగారు. కుర్చీ వెనక్కి వాలింది, పలక లేచింది, అత్తయ్యగారి రెండు పాదాలూ దేవుడి ముఖానికి సమానంగా వెళ్ళి నిలిచాయి.

ఆవిడ తన పాదాల్ని చూసుకున్నారు, గోడని చూశారు. తర్వాత ఆవిడ గొంతు వినిపించింది. "ఒరేయ్, ఈ గోడకి అవతల ఏముందిరా?"

"దేవుడి గదమ్మా."

"దింపరా!"

మీట బిగుసుకుపోయింది. కొత్త కుర్చీ. బావగారు ఇటు లాగుతున్నారు, బోల్టన్న అటు తంతున్నాడు, అత్తయ్యగారు కాళ్ళు గాల్లో ఉండగానే చెంపలు వాయించుకుంటున్నారు. "తండ్రీ, నేను కాదు స్వామీ, నా కొడుకు స్వామీ, వాడి కంపెనీ స్వామీ" అంటున్నారు. బావగారు నెమ్మదిగా "పోనీ దేవుడి గది మారుద్దామా" అని గొణిగారు. "ఆయన ఈశాన్యంలో కూర్చున్నాడు, ఆయన కదలడు. నీ బొమ్మల బట్టే కదలాలి" అన్నారావిడ. "పడమర గోడ" అన్నాను నేను. "నువ్వు ముందు ఆ కొబ్బరి చిప్పలు తియ్యి" అన్నారు బావగారు.

దిక్కులాయన మళ్ళీ వచ్చి మళ్ళీ కళ్ళు మూసుకుని "దక్షిణం" అన్నాడు. మళ్ళీ స్లాబుకి బొక్కలు. నా మంచం దాని దారిన అది తిరిగింది. తెర ఎటు తిరిగితే దానికి అడ్డం లేనివైపు మడత పెట్టుకుంటూ, విప్పుకుంటూ, సంచార జాతివాడిలా గది చుట్టూ తిరుగుతున్నాను. దక్షిణం బాగానే ఉన్నట్టుంది. ఒక శనివారం సాయంత్రం బావగారు ఏదో యుద్ధం సినిమా పెట్టుకుని, కుర్చీ పూర్తిగా వాల్చుకుని, ఫిరంగులు పేలుతుండగా నిద్రపోయారు. అత్తయ్యగారు కాఫీ గ్లాసుతో వచ్చారు. చూశారు. గ్లాసు వదిలేశారు.

"ఉత్తరం తల పెట్టి పడుకోబెట్టార్రోయ్ నా కొడుకుని!"

ఎవరు పడుకోబెట్టారు? దక్షిణం గోడకి తెర పెడితే కాళ్ళు దక్షిణానికి, తల ఉత్తరానికి పోక ఇంకెక్కడికి పోతుంది? పిల్లవాడికి పక్క వేసేటప్పుడే చూసుకునే విషయం ఇది. దిక్కుల మీద బతికే మనిషికి తోచలేదు, ఎందుకంటే ఆయన దృష్టిలో అవి కుర్చీలు. కబురు పెట్టి పిలిపిస్తే, "అమ్మగారూ, దోషం పడుకోడానికే గానీ కూర్చోడానికి లేదండీ" అన్నాడు. "అయితే ఎంత వాలితే కూర్చోడం, ఎంత వాలితే పడుకోడం?" అని అత్తయ్యగారు అడిగారు. దానికి శాస్త్రంలో ఆధారం లేదు. బావగారు సగం వాలి చూపించారు. "ఇది కూర్చోడమేనమ్మా." "కళ్ళు మూసుకో చూద్దాం" అన్నారావిడ. మూసుకున్నారు. "ఇప్పుడు పడుకోడమే." సభ ముగిసింది. "పడమర..." అన్నాను నేను. "తమ్ముడూ, అది వరుణ స్థానం, నీకు తెలీదు" అన్నాడు దిక్కులాయన. వరుణుడికీ సినిమాకీ ఏం తగాదానో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. అది వేరే ఫిర్యాదు.

మూడోసారి ఉత్తరం. ఉత్తరం గోడకి పెద్ద కిటికీ ఉంది. తెర దాన్ని పూర్తిగా మూసేసింది. వెలుతురు పోయింది, గాలి పోయింది, పంజాగుట్ట ట్రాఫిక్కు మోత మాత్రం లోపలికి వస్తూనే ఉంది. బోల్టన్న నిచ్చెన మీంచి బావగారితో "సార్, మల్లొక్కపారి సోంచాయించుండ్రి. గీ స్లాబుల ఇంకో బొక్క గొడితే పైఇంటోళ్ళు కిందికొస్తరు" అన్నాడు. బావగారు కానివ్వమన్నారు. బోల్టన్న నాకేసి చూసి కన్నుగీటి, "మనకేం ఫికర్ తమ్మీ, ఉన్నయే నాలుగు గోడలు. నాలుగైనంక ఆగుతరు" అన్నాడు.

ఆ వారంలోనే బావగారి ప్రాజెక్టు పోయింది. కంపెనీ ఆయన్ని బెంచి మీద పెట్టింది. పని లేకుండా జీతమిచ్చి కూర్చోబెట్టడాన్ని అలా అనేవారు. ఆ కాలంలో ఆ ముక్క వింటే పంజాగుట్ట నుంచి మాదాపూర్ దాకా ప్రతి ఇంట్లోనూ పొయ్యి మీద పాలు పొంగిపోయేవి. అత్తయ్యగారు ఒక్క క్షణం కూడా సందేహించలేదు. "ఉత్తరం కుబేర స్థానం. కుబేరుడి కిటికీకి గుడ్డ కట్టి, పని రాలేదంటే ఎక్కణ్ణించి వస్తుందిరా?" అన్నారు. ప్రపంచంలో ఎక్కడెక్కడో కంపెనీలు మూతపడుతున్నాయని బావగారు చెప్పబోయారు. "వాళ్ళూ కిటికీలు మూసుంటారు" అన్నారావిడ.

ఇక మిగిలింది ఏ గోడో మీకు తెలుసు. నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. దిక్కులాయన నాలుగో గోడ చూడ్డానికి వచ్చాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు, బహుశా సిగ్గుపడి. పడమర గోడ ముందు నిలబడి, నా చొక్కాలు తప్పించి, గోడని రెండుసార్లు తట్టి, "సార్, నేను మొదటి నుంచీ మనసులో అనుకుంటున్నది ఇదే. సూర్యభగవానుడే రోజంతా పనిచేసి పడమర చూసి విశ్రాంతి తీసుకుంటాడు. వినోదానికి పడమరని మించింది లేదు" అన్నాడు. బావగారు లేచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు. "చూశావా, అనుభవం అంటే ఇదీ" అని మా అక్కతో అన్నారు. మా అక్క తల ఊపింది. నేను ఆ ముగ్గురికీ మధ్యలో నిలబడి ఉన్నాను. అత్తయ్యగారికి ఒక్క అనుమానం మిగిలింది, దేవుడి గదికి వీపు పెట్టినట్టవుతుందేమో అని. ఆవిడే ఆలోచించుకుని ఆవిడే తీర్చుకున్నారు. "గుళ్ళోంచి ఇంటికొచ్చేటప్పుడు పెట్టమూ? పర్లేదు."

అంతటితో అయిపోయి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. (రాసేవాణ్ణే, కాకపోతే పొట్టిగా ఉండేది.) కుర్చీలు పడమర చూస్తూ వేశారు. నా మంచం మొదటి రోజు నేను చెప్పినట్టే కుర్చీల వెనక వేసుకోబోయాను. దిక్కులాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "కుర్చీ వాలాలంటే వెనక ఖాళీ ఉండాలి తమ్ముడూ." కుర్చీలు వాలతాయని నాకు తెలీదనుకున్నాడు కాబోలు! నిటారుగా కూర్చుని చూస్తే మంచం భేషుగ్గా పడుతుంది. సినిమా చూడ్డానికి మనిషి పడుకోవాలని ఏ శాస్త్రంలో ఉంది? అదే మాట అన్నాను. బావగారు నా భుజం మీద చెయ్యి వేసి, "నీకూ ప్రిపరేషన్‌కి డిస్టర్బెన్సు కదరా. అమీర్‌పేటలో అయితే నీ ఇన్‌స్టిట్యూటుకి దగ్గర" అన్నారు. మా అక్క నా ముఖం చూడకుండా "ఆదివారాలు భోజనానికి వచ్చెయ్‌రా" అంది. నా గోడ గెలిచింది, నేను ఓడిపోయాను.

మంచం మడిచి ఆటోలో పెడుతుంటే అత్తయ్యగారు కిందికి వచ్చారు. ఆవిడ మెట్లు దిగడం నేనెప్పుడూ చూడలేదు. కొంగు నడుముకి దోపుకుని, అటూ ఇటూ చూసి, "నువ్వే ముందు చెప్పావురా అబ్బాయ్. వత్తులు చేసుకుంటూ నేను విన్నాను" అన్నారు.

నేను మంచం వదిలేసి ఆవిడ వైపు తిరిగాను. "మరి అప్పుడే చెప్పలేదేం అత్తయ్యగారూ?"

"ఎలా చెబుతాను? కోడలి తమ్ముడు చెప్పాడని గోడ మార్చారంటే మావాడి మాటకి విలువేముంటుంది? నీకూ రేపు ఇల్లూ వాకిలీ వస్తే తెలుస్తుంది." అని, మంచం కాలు బయటికి పొడుచుకొచ్చిందని ఆటో అబ్బాయిని కసిరి, తనే లోపలికి తోసి వెళ్ళిపోయారు. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు పెద్దలు. బావమరిది మాట వినమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

రెండో ప్రారంభోత్సవానికి నన్నూ పిలిచారు. మేనేజరు వచ్చాడు, ఆఫీసు జనం వచ్చారు, దిక్కులాయన పట్టు లాల్చీలో వచ్చాడు. కుర్చీలు నిండిపోయి, మిగతావాళ్ళు చాపల మీద సర్దుకున్నారు. నాకు తెరకి దగ్గరగా ప్లాస్టిక్ స్టూలు దొరికింది. తెర గొప్పగా ఉంది, కాదనను. ఎదురుగా వెలుతురు లేదు, కాళ్ళకి దోషం లేదు, తలకి దోషం లేదు. పేర్లు పడుతుండగా మేనేజరు "గోడ ఎంపిక బ్రహ్మాండంగా ఉందండీ, ఎవరిది ఐడియా?" అని అడిగాడు. బావగారు ఒక్క క్షణం ఆగారు. ఆ ఒక్క క్షణంలో నేను స్టూలు అంచుకి జరిగాను. తర్వాత "అంతా వీరిదేనండీ" అని దిక్కులాయన్ని చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడ్డాను. "అది కాదండీ, పడమర గోడ మొదట చెప్పింది..." అంటూ చెయ్యి ఎత్తాను. పది అడుగుల తెర మీద, హీరో పేరు పడవలసిన చోట, నా తల, నా చెవులు, పైకెత్తిన నా చూపుడు వేలు నల్లగా, నిండుగా పడ్డాయి. నా పేరు పడలేదు గానీ నా నీడ పడింది. "కూర్చోరా!" అన్నారు బావగారు. "కూర్చో!" అన్నాడు మేనేజరు. "తల, తల!" అన్నారు చాపల మీది జనం. మా అక్క నా చొక్కా పట్టుకుని లాగింది. కూర్చున్నాను.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది. బావగారు బెంచి దిగి మేనేజరయ్యారు, పడమర గోడ మహిమ అని అందరికీ చెప్పుకున్నారు. ఆ ఫ్లాటు అమ్మేశారు. అత్తయ్యగారు వెళ్ళిపోయారు, ఆవిడతోపాటు నాకున్న ఒకే ఒక్క సాక్ష్యమూ వెళ్ళిపోయింది. ఆవిడ పోయినరోజు నేను ఎంతగానో ఏడ్చాను. అందరూ ఎంత అనుబంధమో అనుకున్నారు. అనుబంధం లేదని కాదు.

ఇప్పుడు నాకూ ఇల్లుంది. మా హాల్లో టీవీ పడమర గోడకే ఉంటుంది. ఎదురుగా తూర్పు కిటికీ కావడంతో పొద్దున పూట వార్తలు చదివే అమ్మాయి బదులు మా ఇంటి కొబ్బరి చెట్టు కనపడుతుంది. దక్షిణానికి మార్చమని మా ఆవిడ ఎన్నేళ్ళుగానో అంటోంది, అది నిజంగా సబబైన మాటే. నేను మార్చను. కొన్ని ఉదయాలు ఆ టీవీ అద్దంలో కొబ్బరాకులతోపాటు నా తల నీడ కూడా కనపడుతుంది, ఇప్పుడు దాని మీద జుట్టు తక్కువ. స్టూలు మీంచి లేచి వేలెత్తిన ఆ కుర్రాడు ఎంత సన్నగా ఉండేవాడో, ఒక్క వాక్యం పూర్తి చెయ్యనిస్తే చాలని ఎంత ఆశపడ్డాడో గుర్తొచ్చి నవ్వొస్తుంది. నవ్వు వచ్చినంత మాత్రాన వదిలేస్తానని కాదు.

కిందటి నెల మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో సూటిగా అడిగాను. బావగారు చదివినట్టు నీలం గీతలు పడ్డాయి, ఆయన ఏమీ రాయలేదు. మా అక్క రెండు చేతులూ జోడించిన బొమ్మ పెట్టింది. మా మేనల్లుడు నవ్వే బొమ్మ పెట్టి వెంటనే తీసేశాడు. అక్కా, దణ్ణం జవాబు కాదు. బావగారూ, నాకు క్షమాపణ అక్కర్లేదు, సన్మానం అక్కర్లేదు, ఆ మూల కూడా ఇప్పుడు అక్కర్లేదు. మీరు ఈ పత్రిక తెప్పిస్తారని నాకు తెలుసు, ఈ పేజీ దాకా వచ్చారనీ తెలుసు. అందరి ముందూ, ఒక్క ముక్క. పడమర గోడ అని ముందు చెప్పింది ఎవరు?